రిమ్ము దగ్గర గీసిన గీత

కాలిఫోర్నియా మోటారు వాహనాల చట్టంలో 1958 నుంచి ఒక నిబంధన ఉండేది. 24008 అనే సెక్షన్ నంబరుతో జనానికి గుర్తుండిపోయింది. మొన్నమొన్నటి దాకా ఉన్న పాఠం సారాంశం ఇది: ప్యాసింజర్ వాహనాన్ని గానీ, 6,000 పౌండ్ల లోపు కమర్షియల్ వాహనాన్ని గానీ కంపెనీ చేసిచ్చిన రూపం నుంచి మార్చి, చక్రాలు తప్ప దాని ఏ భాగమైనా రిమ్ము అడుగు అంచు కన్నా నేలకు దగ్గరగా వచ్చేలా చేస్తే, అలాంటి బండిని రోడ్డు మీద నడపడం నేరం.

కమర్షియల్ అన్న మాటను చూసీ చూడనట్టు దాటేయకండి. ఇక్కడ పికప్ ట్రక్కు కొంటే, దాంట్లో వారానికోసారి కూరగాయలు తప్ప మీరేమీ మోయకపోయినా, మామూలుగా కమర్షియల్ ప్లేటే ఇస్తారు. చట్టం దృష్టిలో పికప్ అంటే పని చేసే బండి. దాన్ని కిందికి దించి ఆదివారం పూట ఊరికే తిప్పుకుంటాననే మనిషి చట్టానికి మొదట్నుంచీ సరిగా అర్థం కాలేదు.

నిజం చెప్పాలంటే ఈ నిబంధన వెనక ఒక ఇంజనీరింగ్ కారణం ఉంది. నడుస్తుండగా టైరులో గాలి పోతే బండి రిమ్ము మీద పడుతుంది. అప్పుడు కూడా స్టీరింగ్ కడ్డీలు, బ్రేకు గొట్టాలు నేలకు తగలకూడదు. బండ్లు దించే మంచి మెకానిక్కులు చట్టం చెప్పకపోయినా ఈ గీతను పాటిస్తారు. కాబట్టి దీన్ని తలాతోకా లేని చట్టం అనలేం. దాంట్లో ఏ జాతి పేరూ లేదు, ఏ పేట పేరూ లేదు. అయితే ఆ గీత కిందికి దిగే బండ్లు ఎక్కువగా ఎవరివో, టికెట్టు పుస్తకం చేతిలో ఉన్న పోలీసుకు తెలుసు, టికెట్టు అందుకునే కుర్రాడికీ తెలుసు.

నేనుండేది శాన్ హోసేలో. ఊరికి తూర్పున స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసే కూడలి ఒకటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన మనవాళ్లలో చాలామందికి దాని పేరే తెలియదు. మన ఆఫీసులు, గుళ్లు, ఇడ్లీ హోటళ్లు అన్నీ మరోవైపు. లోరైడర్ల లోకంలో మాత్రం అది పెద్ద పేరున్న చోటు. 1977లో 'లో రైడర్' పత్రిక మొదలైంది ఈ ఊళ్లోనే. సానీ మాడ్రిడ్, లారీ గొంజాలెజ్, డేవిడ్ నూన్యెజ్ అనే శాన్ హోసే స్టేట్ విద్యార్థులు దాన్ని పెట్టారు. ఆ పత్రిక అచ్చులో 2019 దాకా వచ్చింది. మనం సిలికాన్ వ్యాలీ అని పిలుచుకునే ఊరికి, ఆ పేరు అంతగా అంటుకోకముందే, ఇంకో సాంకేతిక చరిత్ర ఉందన్నమాట.

మా కుటుంబంలో బండ్ల సంగతి తెలిసినవాళ్లున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో కమాను పట్టీలు విప్పుతుంటే, కొలిమిలో కాలుస్తుంటే చూసిన బాల్యం నాది. మనవైపు సస్పెన్షన్ మార్చడం అంటే ఒకటే అర్థం: ఇంకో పట్టీ ఎక్కించడం. కంపెనీ ఇచ్చిన కట్టలో ఎన్ని పట్టీలున్నా లారీ ఓనరుకు అవి చాలవు. ఇసుకకో, ధాన్యానికో, ఇటుకలకో అదనంగా ఒకటో రెండో వేస్తాడు. బండి వెనక భాగం కాస్త లేస్తుంది, ఖాళీగా వెళ్లేటప్పుడు డ్రైవరు నడుము విరుగుతుంది. అయినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది మోయడానికి పుట్టింది. అందుకే పని చేసే ట్రక్కుకు ఉన్న పట్టీలు తీసేసి, ఇరుసును పైకి జరిపి, తొట్టిలో నాలుగు బస్తాలు కూడా వేయలేని స్థితికి తెచ్చి, దానికి అద్దంలాంటి రంగు వేసి మురిసిపోయే మనుషుల్ని ఇక్కడ మొదటిసారి చూసినప్పుడు నాకు వింతగా అనిపించింది. ఎందుకు చేస్తారిలా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే చరిత్రలోకి వెళ్లాల్సొచ్చింది.

1930లు, 40ల్లో లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల్లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు కొనగలిగినవి సెకండ్ హ్యాండ్ షెవ్రొలేలు. వాటిని దించడానికి మొదటి పరికరం ఇసుక బస్తా. డిక్కీలో రెండు మూడు బస్తాలు వేస్తే వెనక భాగం కుంగుతుంది. ఖర్చు లేదు, రెంచి పట్టాల్సిన పని లేదు. తర్వాతి మెట్టు కాయిల్ స్ప్రింగులో ఒకటి రెండు చుట్లు కోసేయడం. ఇంకో దారి కూడా ఉండేది, అది కాస్త ప్రమాదకరం: గ్యాసు మంటతో స్ప్రింగును కాల్చి కుంగేలా చేయడం. ఉక్కును అలా కాలిస్తే దానికి కర్మాగారంలో ఇచ్చిన పదును పోతుంది, స్ప్రింగు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

అదే కాలంలో అదే నగరంలో తెల్ల కుర్రాళ్ల హాట్ రాడ్లు వేగం కోసం తయారవుతున్నాయి. వీళ్ల బండ్లు నెమ్మది కోసం. 'బహీతో ఇ స్వావెసీతో' అంటారు స్పానిష్‌లో, కిందుగా, మెత్తగా అని. వేగంగా పోయే బండిని జనం రెప్పపాటు చూస్తారు. గంటకు పది మైళ్ల వేగంతో పోయే బండిని, అందులో కూర్చున్నవాణ్ని, వాడి పక్కన కూర్చున్న అమ్మాయిని, తీరిగ్గా చూస్తారు. వారమంతా ఎవరి కంటికీ ఆనకుండా పనిచేసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

1958లో నిబంధన వచ్చింది. ఆ మరుసటి సంవత్సరానికల్లా శాన్ బెర్నార్డినో ప్రాంతంలో రాన్ అగీర్రే అనే యువకుడు తన 1957 మోడల్ కోర్వెట్‌కు, తండ్రి సాయంతో, హైడ్రాలిక్ సస్పెన్షన్ అమర్చాడు. టికెట్ల మీద టికెట్లు తిని విసిగిపోయినవాడు. పంపులు, సిలిండర్లు విమానాల పాత సామాను నుంచి తెచ్చుకున్నాడు. ఇది ఆ ప్రాంతంలోనే జరగడం యాదృచ్ఛికం కాదు. యుద్ధకాలంలో లాక్‌హీడ్ బర్బ్యాంక్‌లో, డగ్లస్ శాంతా మోనికాలో, లాంగ్ బీచ్‌లో, నార్త్ అమెరికన్ ఇంగిల్‌వుడ్‌లో విమానాలు తయారుచేశాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన సామాను దక్షిణ కాలిఫోర్నియా పాత ఇనుము కొట్లలోకి గుట్టలుగా వచ్చి పడింది. విమానం రెక్కల అంచుల్నీ చక్రాల్నీ కదిలించడానికి చేసిన పంపు చిన్నదిగా, తేలిగ్గా ఉండి, బ్యాటరీ మీద నడుస్తుంది. కారులో పెట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

పనిచేసే తీరు తేలికే. డిక్కీలో బ్యాటరీలు, ఒక మోటారు, పంపు, నూనె డబ్బా ఉంటాయి. ప్రతి చక్రం దగ్గరా స్ప్రింగుతో కలిపి ఒక సిలిండర్. డ్రైవరు దగ్గర ఒక స్విచ్చు. నొక్కితే నూనె సిలిండర్‌లోకి పోయి బండి లేస్తుంది, రెండోవైపు నొక్కితే నూనె డబ్బాలోకి వెనక్కొచ్చి బండి దిగుతుంది. పోలీసు కారు కనపడగానే స్విచ్చు నొక్కితే, అతను టేపు పట్టుకుని దిగేసరికి రిమ్ము అంచుకన్నా ఛాసిస్ పైనే ఉంటుంది. చట్టంలో ఉన్నదల్లా నేలకూ బండికీ మధ్య ఎడం. ఆ ఎడాన్ని మార్చడం మనిషి వేలి కిందికొచ్చింది.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ 1955లోనే డీఎస్ అనే కారులో నూనె, వాయువు కలిసి పనిచేసే సస్పెన్షన్ పెట్టింది. స్టార్టు చేయగానే లేచి నిలబడే ఆ కారును ప్రపంచమంతా పొగిడింది, ఇప్పటికీ డిజైన్ పుస్తకాల్లో దానికి అధ్యాయాలుంటాయి. అగీర్రే చేసింది అదేనని నేననను, సిట్రోయెన్‌ది ఎంతో సున్నితమైన వ్యవస్థ. కానీ ఒకదాన్ని ఇంజనీరింగ్ అనీ, రెండోదాన్ని కుర్రచేష్ట అనీ పిలవడంలో తేడా అంతా పంపులోనే లేదు.

విమానాల సామాను అయిపోతుండగా కొత్త పంపు దొరికింది, అదీ ట్రక్కు నుంచే. సరుకులు దించే ట్రక్కుల వెనక తలుపు పలకలా కిందికి దిగి, బరువుతో సహా పైకి లేస్తుంది చూడండి, ఆ పలకను లేపే పంపు అది. 1960ల్లో, 70ల్లో లోరైడర్ల డిక్కీలు వాటితో నిండాయి. ఎక్కువమందికి నచ్చిన కారు 1964 దాకా వచ్చిన షెవ్రొలే ఇంపాలా. దాని ఛాసిస్ ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఆకారంలో ఉండి, దించడానికి, సిలిండర్లు బిగించడానికి అనువుగా ఉండేది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను, ఎందుకంటే ఈ కథ చదువుతున్నంతసేపూ ఒక తెలుగు మాట నన్ను వదల్లేదు. పట్టీల మీద పట్టీలు పేర్చి విల్లులా వంచిన స్ప్రింగును 1804లో గుర్రపు బగ్గీల కోసం లండన్‌లో ఒబడయా ఇలియట్ అనే ఆయన రూపొందించి పేటెంటు తీసుకున్నాడు. అది మన దేశానికొచ్చి ఎద్దుబండి ఎక్కాక దానికి దక్షిణాదిలో దొరికిన పేరు విల్లుబండి. మామూలు బండి ధాన్యానికి, విల్లుబండి మనుషులకు. అందులోనూ కొందరు మనుషులకే. 1893లో తిరువితాంకూరులో, వెంగానూరుకు చెందిన అయ్యంకాళి అనే పులయ కులస్థుడు ఒక విల్లుబండి కొని, తలపాగా చుట్టి, తన కులం వాళ్లు నడవకూడదన్న దారి మీద దాన్ని తోలుకుంటూ వెళ్లాడు. అడ్డుకోవడానికి వచ్చినవాళ్లను ఎదుర్కొన్నాడు. కేరళ చరిత్రలో విల్లుబండి యాత్ర అంటే అదే. అతను ఏ సరుకూ మోయడానికి బండి కట్టలేదు. దర్జాగా కూర్చుని దారంట వెళ్లడమే అతని పని. కాలిఫోర్నియా టికెట్టు జరిమానానూ తిరువితాంకూరు అంటరానితనాన్నీ ఒక తాసులో పెట్టడం నా ఉద్దేశం కాదు, పెడితే తప్పు కూడా. కానీ స్ప్రింగు మీద కూర్చుని నెమ్మదిగా రోడ్డెక్కడం కొందరి విషయంలో మాత్రం ఎందుకంత గొడవ అవుతుందో అర్థం చేసుకోవడానికి, మన పక్కనే ఉన్న ఆ బండి నాకు సాయపడింది.

మళ్లీ పికప్ దగ్గరికి వద్దాం. 1970లు, 80ల్లో ఈ చరిత్రలోకి చిన్న జపాన్ పికప్పులు వచ్చాయి. అవి వచ్చిన దారి కూడా విచిత్రమే, కోళ్ల దగ్గర మొదలవుతుంది. 1960ల మొదట్లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ అమెరికన్ కోడిమాంసం మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా లిండన్ జాన్సన్ ప్రభుత్వం 1964 నుంచి బంగాళాదుంప పిండి మీద, బ్రాందీ మీద, డెక్స్‌ట్రిన్ మీద, దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. గురి ఫోక్స్‌వాగన్ మీద. జపాన్ కంపెనీలు ఒక సందు కనిపెట్టాయి: వెనక తొట్టి లేకుండా తెస్తే అది పూర్తి ట్రక్కు కాదు, సుంకం చాలా తక్కువ. తొట్టి ఇక్కడికొచ్చాక బిగించొచ్చు. టయోటా 1970ల మొదట్లో లాంగ్ బీచ్‌లో ఆ తొట్లు చేయించడానికే ఒక కార్ఖానా పెట్టింది. 1980లో ప్రభుత్వం ఆ సందు మూసేదాకా ఇలాగే నడిచింది. అప్పటికే కాలిఫోర్నియా తోటమాలుల దగ్గర, రంగులేసేవాళ్ల దగ్గర, కాలేజీ కుర్రాళ్ల దగ్గర టయోటా, డాట్సన్, మాజ్దా పికప్పులు బోలెడున్నాయి.

వీటిని దించడం ఇంపాలా దించినంత ఖర్చు కాదు. మా వీధి చివర ఒక పెద్దాయనుంటాడు, తోటపని చేయిస్తుంటాడు. ఆయన గ్యారేజీలో 80ల నాటి పికప్ ఒకటుంది, తన పద్దెనిమిదో ఏట దాన్ని ఎలా దించాడో ఒక శనివారం పొద్దుట నన్ను కింద పడుకోబెట్టి చూపించాడు. ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగు లేదు. దాని బదులు పొడవాటి ఉక్కు కడ్డీ, టార్షన్ బార్, మెలితిరిగి బరువు మోస్తుంది. ఆ కడ్డీ చివర ఒక బోల్టు. దాన్ని వదులు చేస్తే మెలిక తగ్గి ముందు భాగం దిగుతుంది. ఒక రెంచి, ఒక జాకీ, ఒక మధ్యాహ్నం చాలు, పైసా ఖర్చు లేదు. "విప్పే ముందు బోల్టు ఎన్ని మరలు బయటికుందో సుద్దతో రాసుకో, కుడి ఎడమ ఒక్కలాగే తిప్పు," అన్నాడు. అంతవరకు సులభం. తర్వాత మొదలవుతాయి తిప్పలు. చక్రాల వాలు మారి టైరు లోపలి అంచు తినేస్తుంది, అలైన్‌మెంట్ చేయించాలి. గుంతలో పడినప్పుడు ఆపే రబ్బరు దిమ్మ మరీ దగ్గరికొచ్చి, ప్రతి కుదుపూ వెన్నెముక్కి తెలుస్తుంది.

వెనక కమాను పట్టీలు. పట్టీ ఇరుసుకు కింద ఉన్న బండైతే రెంటి మధ్యా ఒక లోహపు దిమ్మ పెట్టి, పొడవాటి యూ బోల్టులతో బిగిస్తే, దిమ్మ ఎంత మందమో అంత దిగుతుంది. పట్టీ ఇరుసు మీద ఉన్న బండైతే ఇరుసును విప్పి పట్టీకి పైన బిగించాలి. ఒక్కసారిగా అయిదారు అంగుళాలు దిగిపోవచ్చు. అప్పుడు ఇరుసు ఛాసిస్ కమ్మీని కొడుతుంది కాబట్టి కమ్మీలో అర్ధచంద్రాకారంలో కోత కోసి, కోసినచోట బలంగా పలక వెల్డింగ్ చేయాలి. ఇది మాత్రం ఇంటి పెరట్లో నేర్చుకుంటూ చేసే పని కాదు. చేసినవాళ్లున్నారు, వాళ్లలో కొందరి ఛాసిస్‌లు రెండుగా వంగాయి.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది బ్రేకు సంగతి. కొన్ని జపాన్ పికప్పుల్లో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ, దానికి ఒక వాల్వు ఉంటాయి. తొట్టిలో బరువు వేస్తే ఛాసిస్ ఇరుసుకు దగ్గరవుతుంది, వాల్వు అది పసిగట్టి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ. ఇప్పుడు ట్రక్కును దించారనుకోండి, తొట్టి ఖాళీగా ఉన్నా వాల్వు మాత్రం బండి నిండా సరుకుందనే అనుకుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఆ కడ్డీని కూడా సరిచేస్తే తప్ప, తన మీద బరువు లేదని ఆ ట్రక్కుకు తెలియదు.

దించిన ఈ మినీ ట్రక్కులకు 80ల్లో వాళ్లదే ఒక వాడ తయారైంది. తొట్టికి హైడ్రాలిక్స్ బిగించి అది లేచి, పక్కకు వాలి, గుండ్రంగా తిరిగేలా చేశారు. సరుకు వేసే చోటు నాట్యం చేసే చోటైంది. తర్వాత నూనె బదులు గాలి తిత్తులు వచ్చాయి, శుభ్రం, మెత్తన. నాకైతే ఆ తిరిగే తొట్లు మరీ సర్కస్‌లా అనిపిస్తాయి, పాత షెవ్రొలే పికప్‌ను నేలకు జానెడెత్తున నిశ్చలంగా నిలబెట్టిందే అందం. కానీ అది నా అభిరుచి.

ఈలోగా ప్రభుత్వం పక్కనుంచి ఇంకో అడుగు పడింది. 1980ల్లో కాలిఫోర్నియా నగరాలు తమ వీధుల్లో క్రూజింగ్ నిషేధించుకోవచ్చని రాష్ట్రం అనుమతించింది. ఒక బండి కొన్ని గంటల్లో ఒకే చోటును మళ్లీ మళ్లీ దాటితే అది నేరం. శాన్ హోసే కూడా నిషేధించింది. ఒకవైపు ఎత్తు కొలిచే చట్టం, ఇంకోవైపు చుట్లు లెక్కపెట్టే చట్టం. పైకి లేపిన ట్రక్కులకూ ఇక్కడ పరిమితి ఉంది, 24008.5 అని పక్కనే ఇంకో సెక్షన్. బరువు 4,501 నుంచి 7,500 పౌండ్ల మధ్య ఉంటే ఛాసిస్ ఎత్తు 30 అంగుళాలు దాటకూడదు, ఇలా ఒక పట్టిక. పైకి లేపితే గురుత్వ కేంద్రం లేస్తుంది, ఎదురు కారు బంపరు మీదుగా నేరుగా మనిషికి తగులుతుంది. ముందు భాగం ఆకాశానికి, వెనక భాగం నేలకు పెట్టి నడిపే పద్ధతిని నార్త్ కెరొలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. డ్రైవరుకు ఎదుట నడిచే మనిషి కనపడడు కాబట్టి, నాకు అందులో తప్పేమీ తోచలేదు. కొలతల చట్టాలన్నీ దురుద్దేశాలు కావు. కానీ ఒకే కూడలిని రెండోసారి దాటడంలో ఎవరికి ప్రమాదమో నాకిప్పటికీ అర్థం కాదు.

లోరైడర్ క్లబ్బులు ఏళ్ల తరబడి కౌన్సిల్ సమావేశాలకు వెళ్లి మాట్లాడాయి. 2022లో శాన్ హోసే తన నిషేధాన్ని ఎత్తేసింది. శాన్ డియేగో ప్రాంత ప్రతినిధి డేవిడ్ అల్వారెజ్ తెచ్చిన ఏబీ 436 బిల్లు మీద 2023 అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టాడు. నగరాలకు క్రూజింగ్ నిషేధించే అధికారమూ, దించిన బండ్ల మీద ఉన్న పాత నిషేధమూ రెండూ 2024 జనవరి 1తో పోయాయి. రిమ్ము దగ్గర గీసిన గీత 66 ఏళ్లు నిలిచింది.

మా వీధి చివరి పెద్దాయనకు రెండు పికప్పులు. ఒకటి ఆ దించింది, ఆదివారాలది. రెండోది సోమవారం నుంచి శనివారం దాకా గడ్డి కోసే యంత్రాలు, నిచ్చెనలు, ఎరువు బస్తాలు మోసేది. ఈ వేసవిలో పనులు ఎక్కువయ్యాయట, దానికి వెనక చెరో పట్టీ అదనంగా వేయించాడు. విజయవాడలో కూడా ఇదే చేస్తారని చెబితే, "మరి ఆదివారం బండి సంగతేంటి, అక్కడ దించరా?" అనడిగాడు.